కాగితం కుర్చీకి చిత్రిక

ముందే ఒప్పేసుకుంటాను. నేను కొంచెం పెంచి చెప్పే మనిషిని. ఆ 'కొంచెం' అన్న మాట ఉందే, నా జీవితంలో నేను తగ్గించి చెప్పింది అదొక్కటే. మా ఆవిడ నా మాటల్లో మూడోవంతు తీసేసి వింటుంది. మా అక్క సగం తీసేస్తుంది. మా బావ మొత్తం తీసేసి, నా మొహం చూసి అసలు జరిగిందేమిటో తనే కనుక్కుంటాడు. మీరెంత తీసేసుకుంటారో మీ ఇష్టం. కానీ పెంచడం వేరు, లేనిది పుట్టించడం వేరు. నేను ఉన్నదాన్ని పెంచుతానే తప్ప లేనిదాన్ని పుట్టించను. ఇక్కడ మాత్రం ఒక్కచోట పుట్టించాను. అదేదో చివర్లో నేనే చెబుతాను, మీరు వెతుక్కోనక్కర్లేదు.

ఆత్మకూరు బస్టాండు నుంచి నాలుగడుగులు వేస్తే నా శుభలేఖల దుకాణం. నాలుగడుగులంటే మామూలు మనిషికి నాలుగు వందలు. ఒకప్పుడు ముహూర్తాల రోజుల్లో కలిగిరి నుంచి, కొండాపురం నుంచి కూడా జనం దిగేవాళ్ళు. ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే కార్డు రెండువైపులా పట్టుకుని లాగేవాళ్ళు. ఆ బెంచీ మీద కుదిరిన సంబంధం చెడిపోవడం నా కళ్ళతో చూశాను, చెడిపోవాల్సినవి కుదిరి పిల్లాపాపలతో వర్ధిల్లడమూ చూశాను. ఇప్పుడు పెళ్ళికొడుకే ఫోన్లో కార్డు చేసుకుని, అందులో సన్నాయి పెట్టి, మల్లెపూలు రాలేట్టు చేసి, ఒక్క నొక్కుతో లోకమంతా పంచేస్తున్నాడు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు దేవుడి ముందు పెట్టడానికీ, పెద్దవాళ్ళకి పసుపు రాసి చేతికివ్వడానికీ ఓ యాభై కార్డులు చాలంటారు. కార్డు ఎంచుకోవడానికి మాత్రం పాత రోజుల్లో ఐదొందల కార్డులవాళ్ళు తీసుకున్నంత సేపూ తీసుకుంటారు.

దాంతో నాకు రెండు మిగిలాయి. ఒకటి తీరిక. రెండోది కాగితం.

కాగితమంటే మామూలు కాగితం కాదు. శుభలేఖ కవరు లోపల అతికిస్తారే, పూలపూల పల్చటి కాగితం, అది. మామిడిపిందెలు, బంగారు గడులు, తొండాలెత్తిన ఏనుగుల బారు, పింఛం విప్పిన నెమళ్ళు. తెప్పించినవన్నీ పాత మోడళ్ళయిపోయి, అటక మీదకెక్కి, అటక వంగిపోయి, ఒకరోజు నా నెత్తిన పడే దాకా వచ్చాయి. ఆషాఢమాసం, ముహూర్తాల్లేవు, గిరాకీ లేదు. ఫోన్లో ఏదో చూస్తుంటే తలకాయ లేని రెండు చేతులు కనిపించాయి. ఏ దేశం చేతులో తెలియదు. చదరంగా ఉన్న ఒక కాగితాన్ని అటు మడిచి ఇటు మడిచి, జిగురు లేకుండా, కత్తెర లేకుండా, చివరికి ఒక కుర్చీ చేసి బల్ల మీద నిలబెట్టి వెళ్ళిపోయాయి. నేను ఆ చేతుల వెంటపడ్డాను. తొమ్మిది రోజులు తిండి మానేశాను. (మధ్యాహ్నం తిండి. అది కూడా రెండు రోజులు.) పదోరోజు నా మొదటి కుర్చీ నిలబడింది. దాని మీద ఈగ వాలింది. కుర్చీ కూలిపోయింది. ఈగకి దెబ్బ తగల్లేదు.

అప్పట్నుంచి ఆగలేదు. కుర్చీ, బల్ల, బీరువా, సోఫా, అద్దం బల్ల. చేసే కొద్దీ చిన్నవి చేయాలనిపించేది. ఒక అగ్గిపెట్టెలో భోజనాల బల్లా, చుట్టూ ఆరు కుర్చీలూ పెట్టి, వడ్డించేవాడు తిరగడానికి దారి కూడా వదిలాను. అందులో కష్టం మడత కాదు, బొమ్మ. నెమలి కుర్చీ వీపు మీద నిటారుగా నిలబడాలంటే, మొదటి మడత వేసేటప్పుడే అది చివరికి ఎక్కడ తేలుతుందో లెక్కగట్టుకోవాలి. లేకపోతే తల కూర్చునే చోటికీ, తోక కాలి కిందికీ పోతాయి. పైగా పూల కాగితం మీద మడత గీత కనపడి చావదు. కళ్ళజోడు మీద కళ్ళజోడు పెట్టుకుని వెతుక్కోవాలి.

మా ఆవిడ ఒకసారి దుకాణానికి వచ్చి, అరలో వరసగా పెట్టిన సామానంతా చూసింది.

"ఏమండోయ్, ఇంట్లో కుర్చీ కాలూడి మూడేళ్ళయింది. మనుషులు కూర్చునేదానికి లేదు గాని, చీమలకి సోఫాసెట్లు చేస్తా ఉండారా?"

"ఇది కళ."

"కాలు చేయించండి ముందు. కళ తర్వాత చూద్దాం."

ఆ కాలు ఇంకా ఊడే ఉంది. దానికి కారణం నా బద్ధకం ఒక్కటే కాదు. మా ఇంట్లో కొయ్యపని ఏదున్నా బావ చేయాల్సిందే. ఇంకొకడి చెయ్యి పడనివ్వడు.

మాది కొయ్యపనివాళ్ళ ఇల్లు. మా నాయన నాకు పని నేర్పాలని చాలా తంటాలు పడ్డాడు. నేను మేకు మీద కొట్టిన దెబ్బల కన్నా నా బొటనవేలి మీద కొట్టుకున్నవే ఎక్కువ. "వీడికి ఉలి ఏ వైపు పట్టుకోవాలో ఆ ఉలే చెప్పాల" అని చివరికి వదిలేశాడు. నాయన దగ్గర పని నేర్చుకున్న శిష్యుడే మా బావ. నాయన విద్యనీ తీసుకున్నాడు, మా అక్కనీ తీసుకున్నాడు, ఉదయగిరిలో కాపురం పెట్టాడు. ఉదయగిరి కొయ్యపనంటే బయటివాళ్ళకి గరిటెలూ స్పూన్లూ గుర్తొస్తాయి. బావ వాటి జోలికి పోలేదు. గుమ్మాలు, తలుపులు, మంచాలు. బావ బిగించిన తలుపు మూస్తే దోమైనా సరే బయట నిలబడి గడియ తట్టాల్సిందే. అంత గట్టి పనివాడి ఇంట్లో వంటింటికి మాత్రం తలుపు లేదు. ముప్ఫై ఏళ్ళుగా అక్క గుమ్మానికి పాత చీర కట్టి నెట్టుకొస్తోంది. పోయినేడు ఎట్టకేలకు బావ దానికి చెక్క కొని, కోసి, చిత్రిక పట్టి నునుపు చేసి, పెన్సిలుతో గీతలు కూడా గీసి గోడకి ఆనించాడు. అంతలో చెయ్యి పడిపోయింది.

ఎండాకాలం పోతా పోతా ఒక ఉదయం బావ చేతిలోంచి టీ గ్లాసు జారిపోయింది. వంగి తీసుకోబోతే చెయ్యి రాలేదు. కుడిపక్కంతా లాగేసింది. నెల్లూరు తీసుకుపోయాం. మాట మూడు రోజుల్లో తిరిగొచ్చింది. నన్ను చూడగానే "వీడెందుకొచ్చినాడు, ఊరంతా నన్ను పాడెక్కించి చెప్తాడు" అన్నాడు, దాంతో మెదడు బాగానే ఉందని మాకు అర్థమైంది. కాలు నెలకి వచ్చింది, కాస్త ఈడుస్తూ. చెయ్యి మాత్రం రాలేదు. భుజం నుంచి వేలాడుతూ, ఎవరిదో చెయ్యి తెచ్చి తగిలించినట్టు ఉండేది.

ఆత్మకూరులో వ్యాయామాలు చేయించే అమ్మాయి ఉంది. నెలకోసారి ఆమె దగ్గరికి తీసుకొచ్చేవాళ్ళం. ఆమె తిన్నగా చెప్పింది. "ఆర్నెల్లు గట్టిగా చేయించండి. ఆలోపు ఎంత వస్తే అంత. ఆ తర్వాత వచ్చేది తక్కువ." రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది. చిక్కుడు గింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఏరమంది.

బావ ఇంటికి పోయి ఎడంచేత్తో ఆ బంతిని కాకి మీదకి విసిరాడు.

"బంతి పిసకాలంట. నేనేమన్నా పాలు పితికేవాణ్ణా? కొయ్యసుత్తి పట్టుకోలేని చెయ్యి, ఉంటే ఎంత, లేకపోతే ఎంత."

అక్క నాకు ఫోన్ చేసింది. అక్క గొంతు ఎప్పుడూ బిందె మీద గరిటెతో కొట్టినట్టుంటుంది. ఆరోజు దాంట్లో ఆ మోత లేదు. "అబ్బయా, ఈయన ఒక్కటీ చేయడం లేదు. నేను చెప్తే అరుస్తా ఉండాడు. నీ మాటన్నా వింటాడేమోరా."

"నా మాట నేనే వినను గదక్కా."

"నవ్వే ఓపిక లేదురా నాకు. రా."

ఆదివారం పొద్దున బస్సెక్కాను. బిస్కట్ల డబ్బాలో పూల కాగితాలు పెట్టుకుని, మీదనే నేను చేసిన కుర్చీ ఒకటి పెట్టుకున్నాను. ఆత్మకూరు నుంచి ఉదయగిరికి బస్సు రెండు గంటలు. కానీ ఆ బస్సులో కూర్చున్నవాడికి రెండు గంటలని చెబితే నమ్మడు. గుంతల్లో పడి లేస్తూ పోతుంటే నా వెన్నుపూసలు ఒకదాని జాగాలోకి ఇంకొకటి మారి, దిగేటప్పటికి మళ్ళీ వాటి వరసలోకి వచ్చేవి.

బావ వరండాలో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు, నిద్రపోతున్న పిల్లిని పెట్టుకున్నట్టు. నేను కుర్చీ తీసి ఎదురుగా పెట్టాను.

"ఏందిది?"

"కుర్చీ బావా."

"ఎవురికి?"

"ఎవరికనేముంది, ఊరికే."

"ఊరికే కుర్చీలు చేస్తార్రా ఎవురన్నా?" ఎడంచేత్తో తీసి కంటి దగ్గర పెట్టుకున్నాడు. ఒక కన్ను మూసి కాళ్ళ వరస చూశాడు, పలక వంకర చూసినట్టు. "ముందుకాళ్ళకీ వెనకకాళ్ళకీ నూలుపోగు తేడా ఉండాది. అతుకేదీ?"

"అతుకుండదు బావా. అంతా మడతే."

"అతుకు లేని కుర్చీనా? మీ నాయన చూసుంటే నిన్ను మడిచి అటక మీద పెట్టేవాడు."

"నువ్వు చెయ్యి చూద్దాం, తేడా లేకుండా."

అంతే. బంతి పిసకమంటే అవమానం, గింజలేరమంటే అవమానం, కానీ వంకర కుర్చీ ఎదురుగా పెడితే బావ ఊరుకోలేడు. ఆ సంగతి నాకు తెలుసు. నా తెలివంతా అక్కడికే.

షరతొకటి పెట్టాను. మడత ఎడంచెయ్యి వేసినా, నొక్కేది కుడిచెయ్యే. మొదటిరోజు ఒక్క మడత నొక్కడానికి గంట పట్టింది. (ముక్కాలు గంట.) బొటనవేలిని గీత మీదకి తీసుకొచ్చి పెట్టడానికే నుదుటి మీద చెమట పట్టేది. అక్క పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూ, ఉన్నట్టుండి కాగితం లాక్కుంది.

"ఒరే అబ్బయా! ఇందులో వినాయకుడుండాడు గదరా!"

చూస్తే నిజమే. శుభలేఖ కాగితం కదా, పూల మధ్య చిన్న చిన్న వినాయకులు అచ్చయి ఉన్నారు.

"దేవుణ్ణి కుర్చీ చేస్తార్రా? కూర్చునేది యాడ, ఆయన మొహం యాడ! బుద్ధుండాల."

కత్తెర తెచ్చి ఒక్కొక్క వినాయకుణ్ణీ గుండ్రంగా కత్తిరించి పూజగూట్లో పెట్టుకుంది. అప్పట్నుంచి నేను తెచ్చిన ప్రతి కాగితమూ ముందు అక్క తనిఖీ దాటాలి. ఆ పూజగూట్లో ఇప్పటికి మూడొందల మంది వినాయకులున్నారు, గాలి వస్తే అందరూ ఒకేసారి లేస్తారు. మాకు ఏనుగులూ నెమళ్ళే మిగిలాయి. ఏనుగులు కూడా వినాయకుడి వైపు చుట్టాలేనని ఒకరోజు అక్క అనుమానపడింది గానీ, బావ కళ్ళెర్రజేస్తే వదిలేసింది.

నాలుగు ఆదివారాలు గడిచాక మొదటి కుర్చీ చివరి మడత దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. కాగితం కుర్చీలో చివరి మడత అంచు, లోపలి జేబు లాంటి దాంట్లోకి దూరాలి. దూరలేదు. ఇంకొకటి చేశాడు. అదీ దూరలేదు. ఐదు కుర్చీలు చేసినా అంతే. చెయ్యి వణుకుతోంది కదా, అందుకేననుకున్నాను. విప్పి చూశాను. అంచుకి అంచు కలపాల్సిన ప్రతిచోటా నూలుపోగంత మిగిలిపోయి ఉంది. వణికే చెయ్యయితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ మిగలాలి. ఇక్కడ అన్నిచోట్లా సరిగ్గా అంతే.

"బావా, అంచుకి అంచు ఎందుకు కలపడం లేదు నువ్వు?"

"కలిపితే ఎట్టరా? చిత్రిక పట్టొద్దూ? దానికి తరుగు వదలొద్దూ?"

అక్క విసనకర్ర ఆపేసింది. నేను బావ మొహం చూశాను. బావ తన కుడిచేతి వంక చూసుకున్నాడు. నలభై ఏళ్ళు ఏ చెక్క కోసినా, తర్వాత చిత్రిక పడితే పోయేంత మందం ముందే వదిలిపెట్టి కోసిన చెయ్యి అది. గ్లాసు పట్టుకోవడం మరిచిపోయింది, బొత్తాం పెట్టుకోవడం మరిచిపోయింది, తరుగు వదలడం మాత్రం మరిచిపోలేదు.

"కాగితానికి చిత్రికేంది బావా?"

"అవును గదా," అన్నాడు. తర్వాత నవ్వాడు. పక్షవాతం వచ్చిన తర్వాత బావ నవ్వడం అదే మొదటిసారి. నోరు ఒకవైపే నవ్వింది, అయినా పూర్తి నవ్వే అనిపించింది.

తెలిసింది కదా, ఇక సరిపోతుందనుకున్నాను. మరుసటి కుర్చీకీ నూలుపోగు వదిలాడు. "చేతికి చెప్పినానురా. వినలా," అన్నాడు. ఆ పై ఆదివారం నేను పోయేసరికి ఒక నెమలి కుర్చీ కాళ్ళు ఉప్పుకాగితంతో రుద్దుతున్నాడు. కాళ్ళ మీదికి దిగిన నెమలి బొమ్మ మెడ దాకా అరిగిపోయింది. "ఇంకొంచెం పడితే మట్టానికి వస్తాది," అంటున్నాడు. మెడ లేని ఆ నెమలిని నేను దాచుకున్నాను. ఆ చెయ్యి తరుగు వదలకుండా అంచుకి అంచు కలపడానికి ఇంకో నెల పట్టింది. ఆ నెలంతా నేను బస్సులో పోవడం, ఒక మడత, ఇంకో మడత, మధ్యాహ్నం అన్నం, మళ్ళీ ఒక మడత, మళ్ళీ బస్సు. సోమవారం దుకాణం తీయడానికి షట్టరు పైకి లేపుతుంటే, నా చేతులకే వ్యాయామం కావాలనిపించేది.

ఒకరోజు మంచం చేద్దామన్నాడు. నవారు మంచం. నవారు కోసం కాగితాన్ని సన్నగా చింపుతున్నాడు, కత్తెర కుడిచేతికి పట్టుబడదు కనక. చింపుతూ చింపుతూ ఆగి, కాగితాన్ని అడ్డం తిప్పి చింపాడు. మళ్ళీ నిలువు తిప్పి చింపాడు.

"ఒరే, దీనికీ నార ఉండాదిరా!"

"దేనికి?"

"కాగితానికి. ఇటు చింపితే గీత గీసినట్టు వస్తా ఉండాది. ఇటు చింపితే కుక్క కొరికినట్టు పోతా ఉండాది. చూడు."

చూశాను. నిజం. పాతికేళ్ళు కాగితం అమ్మినవాణ్ణి, నాలుగేళ్ళుగా దాన్ని మడుస్తున్నవాణ్ణి, నాకు తెలియని సంగతి, కొయ్యపని చేసే మనిషి ఒక్క చింపుతో పట్టేశాడు. నార వెంబడి మడిస్తే గీత కత్తిలా పడుతోంది. అడ్డనార మీద మడిస్తే గీత పగిలి బంగారురంగు రాలుతోంది.

"నువ్వు ఇన్నాళ్ళూ చూసుకోలా?"

"లేదు బావా."

"నీ దుకాణంలో ఆ సోఫాలన్నీ అడ్డనార మీద చేసుంటావు. వానాకాలం రానీ, మూతి తిప్పుకుంటాయి చూడు."

తిప్పుకున్నాయి కూడా. నాలుగేళ్ళ నా కళంతా ఒక్క ముసురుకి గోడ వైపు తిరిగి కూర్చుంది.

నాలుగో నెలకి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు పని చేయసాగాయి. మిగతా రెండు వేళ్ళు ముడుచుకునే ఉన్నాయి, కానీ వాటిలోనూ ఒక కదలిక కనిపించిందని వ్యాయామాల అమ్మాయి చెప్పింది. ఒక ఆదివారం బావ బల్ల మీదున్న పెన్సిలు కుడిచేత్తో తీసి, చేతిని మెల్లగా, చాలా మెల్లగా పైకి తెచ్చి, చెవి మీద పెట్టుకున్నాడు. చెయ్యి పడిపోయినప్పట్నుంచి అక్కే పెట్టేది. అక్క వంటింటి చీర పక్కకి తీసి చూసింది. లోపలికి పోయింది. పోపు మాడి వీధంతా ఘాటొచ్చే దాకా బయటికి రాలేదు. బావ గోడకి ఆనించిన చెక్కల వైపు చూసి, "తలుపుకి బెజ్జాలు కొట్టాలిరా. ఇంకో రెండు నెల్లు," అన్నాడు.

అప్పుడొచ్చింది వాన. కార్తీకంలో మాకు వానొస్తే మామూలుగా రాదు. మూడు రాత్రులూ మూడు పగళ్ళూ కురిసి, దారిలో ఉన్న వాగు పొంగి, రోడ్డుని చాపలా చుట్టుకుని పోయింది. తారురోడ్డు ఉండాల్సిన చోట చేపలు ఎగిరాయి. బస్సులు ఈ గట్టున కొన్ని, ఆ గట్టున కొన్ని నిలబడి ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఐదు ఆదివారాలు దారి లేదు. ఆ నెల బావని వ్యాయామాల అమ్మాయి దగ్గరికి తీసుకురావడమూ కుదరలేదు. నేను ప్రతివారమూ ఫోన్ చేసేవాణ్ణి.

"రోడ్డు లేదక్కా. వేస్తా ఉండారంట."

"సరేలే అబ్బయా."

"బావ చేస్తా ఉండాడా?"

"కాగితాల డబ్బా అటక మీద పెట్టించినాడు. వాడొచ్చినాక చేద్దాంలే అంటా ఉండాడు. ఒక్కడే చేస్తే తప్పుబట్టేదానికి ఎవురూ లేరంట."

ఆరో ఆదివారం పోయాను. బావ చెయ్యి చూడగానే నాకు తెలిసిపోయింది. చివరి రెండు వేళ్ళు అరచేతిలోకి దిగిపోయి, అక్కడే ఉండిపోయాయి. విప్పదీస్తే మళ్ళీ ముడుచుకుంటున్నాయి, నార తెలియకుండా మడిచిన కాగితంలాగా. ఆరోజు బావ ఒక బీరువా చేశాడు. బాగా వచ్చింది. తరుగు లేదు. అరలు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. నేను మెచ్చుకున్నాను. బావ దాన్ని డబ్బాలో వేసి మూత పెట్టాడు.

ఆర్నెల్లు నిండినాక ఆత్మకూరు వచ్చారు ఇద్దరూ. ఆ అమ్మాయి వేళ్ళు ఒక్కొక్కటీ వంచి, చాపి, పట్టు చూసింది.

"మూడు వేళ్ళు చాలా బాగా వచ్చాయి పెద్దాయనా. మీలాగా చేసినవాళ్ళు తక్కువ. కానీ పిడికిలి పట్టు రాలేదు."

"సుత్తి?"

"చిన్న చిన్న పనులు చేసుకోవచ్చు."

"చేస్తానే ఉండాగా. మొన్ననే బీరువా చేసినాను. చీమకి."

ఆమె నవ్వింది. అక్క నవ్వలేదు. వాళ్ళు బయటికి నడిచాక నేను వెనక ఆగి అడిగాను, మధ్యలో ఐదువారాలు ఆగిపోయింది, దానివల్లేమన్నానా అని.

"చెప్పలేం సార్. చేసుంటే కొంత రావచ్చు, రాకపోవచ్చు. అది మంచి సమయం, అంతే."

నా దుకాణానికి తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాను. టీ తెప్పించాను. బావ గ్లాసు కుడిచేతి మూడు వేళ్ళతో పట్టుకుని తాగాడు, పడలేదు. తాగి గ్లాసు కింద పెట్టి అక్కతో అన్నాడు, బజారు నుంచి ఉప్పు తెమ్మన్నట్టు: "ఆ దుత్తలూరు వడ్రంగాయన్ని పిలువు. వంటింటి తలుపు ఆయన చేస్తాడు."

"ఇంకొకరి చెయ్యి పడకూడదంటివే?"

"గీతలు నేను గీస్తా. పెన్సిలు పట్టుకుంటాది గదా ఇది. కొట్టేది ఆయన కొడతాడు."

అక్క కొంగుతో బెంచీ మీద లేని దుమ్ము తుడిచింది. "ముప్ఫై ఏళ్ళు చీరతో నెట్టుకొచ్చినా. ఇప్పుడు తలుపుకి తొందరేముంది," అంది.

"నాకుండాది తొందర," అన్నాడు బావ.

ఇక లెక్క తేల్చుకుందాం. అటక నా నెత్తిన పడబోవడం పెంచిందే, అది రెండంగుళాలు వంగింది. వినాయకులు మూడొందల మంది కాదు, ముప్ఫై ఉంటారేమో. అగ్గిపెట్టెలో కుర్చీలు ఆరు పట్టవు, నాలుగే. ఈగ సంగతి నిజం. తరుగు సంగతి, ఉప్పుకాగితం సంగతి, నార సంగతి వెంట్రుకంత కూడా పెంచలేదు. వాటిని పెంచాల్సిన పని లేదు.

పుట్టించింది రోడ్డు. వాగు పొంగిన మాట నిజమే. మొదటి ఆదివారం బస్సులు ఆగిన మాటా నిజమే. మూడోరోజుకి గులకరాళ్ళు పోసి దారి వేశారు, బస్సులు తిరిగాయి. మిగతా నాలుగు ఆదివారాలూ దారి ఉంది. నేనే లేను. షట్టరు సగం దించుకుని, దుకాణంలో ఫ్యాను కింద కూర్చున్నాను. ఆ బస్సు, ఆ గుంతలు, గంటకొక మడత, దాన్ని చూసి బాగుంది బావా అనడం, ఆ చెయ్యి వంక చూడకుండా చూడటం. అలిసిపోయాను. ఆ మాటని పెంచడం నాకు చేతకాదు, ఉన్నదంతా అంతే. ఒకటిరెండు వారాలు పోకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను, అది నాలుగైంది.

అక్కకి ఇంతవరకూ చెప్పలేదు. బావ అడగలేదు. వాళ్ళ వరండాకీ ఉదయగిరి బస్టాండుకీ మధ్య రెండే వీధులు. అక్కడ కూర్చుంటే ఆత్మకూరు బస్సు వచ్చి ఆగడం, హారను కొట్టడం స్పష్టంగా వినిపిస్తాయి.

ఆ నాలుగు ఆదివారాలూ బావ అక్కడే కూర్చుని ఉన్నాడు.